రాతి పొడిలో వెలుగు

జపాన్‌లో సంప్రదాయ చిత్రకళా సామగ్రి అమ్మే దుకాణాల్లో గోడల నిండా గాజు సీసాలే కనిపిస్తాయి. టోక్యోలో 2015లో తెరిచిన ‘పిగ్మెంట్’ అనే దుకాణంలో అయితే రంగుల పొడులు సుమారు 4,500 రకాలున్నాయి. ఇలాంటి చోట నీలం వరస దగ్గర కాసేపు ఆగాలి. పక్కపక్కనే ఉన్న చాలా సీసాల మీద ఒకే రాయి పేరు ఉంటుంది: అజురైట్. మొదటి సీసాలోని పొడి నలుపుకు దగ్గరపడిన ముదురు నీలం. తర్వాతది కాస్త తేటపడ్డ నీలం. ఇంకా జరిగితే ఆకాశవర్ణం. చివరి సీసాలో నీలం ఉందా లేదా అని పరికించి చూడాల్సినంత లేత. వీటిలో దేనిలోనూ తెలుపు కలపలేదు, నలుపు కలపలేదు. అన్నిటిలోనూ ఉన్నది అదే రాయి. ఎంత మెత్తగా నూరారన్నదొక్కటే తేడా.

ఆ మెత్తదనానికి అంకెలు కూడా ఉన్నాయి. 5వ నంబరు పొడి వేళ్ల మధ్య సన్న ఇసుకలా గరగరలాడుతుంది. 13వ నంబరు పిండిలా జారుతుంది. అంతకన్నా మెత్తటిదాన్ని అంకెతో కాకుండా ‘తెలుపు’ అన్న పేరుతోనే అమ్ముతారు.

మకోటో ఫుజిమురా చిత్రాల్లోకి వెళ్లడానికి ఈ సీసాల వరసే సరైన దారి. ఆయన 1960లో అమెరికాలోని బోస్టన్‌లో జపనీస్ తల్లిదండ్రులకు పుట్టారు. తండ్రి ఒసాము ఫుజిమురా మనిషి మాటలోని ధ్వనుల మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త. కొడుకు బక్నెల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని, జపాన్ ప్రభుత్వ ఉపకార వేతనంతో టోక్యోకు వెళ్లి, అక్కడి కళా విశ్వవిద్యాలయంలో మతాజో కయామా వంటి పెద్ద చిత్రకారుడి దగ్గర ‘నిహోంగా’ పద్ధతి నేర్చుకున్నారు. ఖనిజాల పొడి, జంతు జిగురు, చేత్తో తీసిన కాగితం, బంగారు వెండి రేకులు: నిహోంగా అంటే స్థూలంగా ఇవే. ఈ పద్ధతిలో తరతరాలుగా పూలు, పక్షులు, కొండలు, రుతువులు గీస్తూ వచ్చారు. ఫుజిమురా సామగ్రినంతా తీసుకుని బొమ్మలను దాదాపుగా వదిలేశారు. ఆయన పెద్ద చిత్రాల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. రంగు పొరలు, వాటి మీద వెలుగు, అంతే.

నిహోంగా అన్న పేరు మరీ పాతదేం కాదు. పాశ్చాత్య తైలవర్ణ చిత్రాలు జపాన్‌ను ముంచెత్తుతున్న 1880ల్లో, స్వదేశీ పద్ధతులను నిలబెట్టాలని ఒకకురా కకుజో, అమెరికా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ ఫెనొలోసా నడిపిన ఉద్యమంతో అది స్థిరపడింది. ఒకకురా శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో 1903లో కలకత్తా వచ్చి అవనీంద్రనాథ్ ఠాగూర్‌ను కలిశారు. వాళ్ల పని చూశాకే అవనీంద్రుడు నీటిరంగులను పొరలు పొరలుగా కడిగే పద్ధతిని తనదిగా మలచుకున్నారు. అక్కడి నుంచి ఆ బెంగాలీ శైలి బందరు ఆంధ్ర జాతీయ కళాశాల దాకా వచ్చింది, ప్రమోద్ కుమార్ చటర్జీ పాఠాల ద్వారా అడివి బాపిరాజు కుంచెకూ అందింది. అయితే మనదాకా వచ్చింది పొరల పద్ధతే, రాతి పొడి కాదు. ఈ వ్యాసం ఆ రాతి పొడి గురించి.

అజురైట్ ఒక రాగి ఖనిజం. రసాయనికంగా అది క్షార రాగి కార్బొనేట్. దానికి తోబుట్టువు లాంటి మాలకైట్ ఆకుపచ్చగా ఉంటుంది. తోమకుండా వదిలేసిన రాగి చెంబుకు పట్టే పచ్చటి చిలుము కూడా ఈ కుటుంబానిదే. అజురైట్ స్ఫటికంలో రాగి అయాన్లు తెల్లటి వెలుగులోని ఎరుపు, నారింజ భాగాలను మింగేస్తాయి. నీలాన్ని వదిలేస్తాయి. వెలుగు స్ఫటికం లోపల ఎంత దూరం నడిస్తే అంత ఎరుపు పోతుంది, మిగిలే నీలం అంత చిక్కగా ఉంటుంది.

నూరితే పాలిపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఎర్ర గాజు ముక్కను కల్వంలో వేసి నూరిచూడండి, పొడి ఎర్రగా ఉండదు, లేత గులాబీ అవుతుంది. ముక్కగా ఉన్నప్పుడు వెలుగు దాని లోపల చాలా దూరం నడిచింది. పొడి అయ్యాక అడుగడుగునా గాజు ఉపరితలం, గాలి, మళ్లీ గాజు ఉపరితలం ఎదురై, లోపలికి పోకుండానే చెదిరి వెనక్కి వస్తుంది. అజురైట్‌కు జరిగేదీ ఇదే. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న రేణువులను, దానికి ఇరవయ్యో వంతు సైజుకు నూరామనుకుందాం. బరువు మారదు గానీ ఒక్కో రేణువు 8,000 రేణువులవుతుంది. మొత్తం ఉపరితలం 20 రెట్లు పెరుగుతుంది. వెలుగును చెదరగొట్టే తలాలు అన్ని పెరిగితే తెలుపు గెలవక తప్పదు.

అందుకే చిక్కటి నీలం కావాలనుకునే చిత్రకారుడికి గరుకు పొడి కావాలి. గరుకు పొడితో పని చేయడం మాత్రం కష్టం. కుంచెకు సరిగా అంటదు, నునుపుగా పరుచుకోదు, సన్నటి గీత రాదు. బరువైనది కాబట్టి గిన్నెలో అడుక్కి దిగిపోతూ ఉంటుంది. అజురైట్ నీటికన్నా దాదాపు 3.8 రెట్లు బరువు.

ఆ బరువే రేణువులను వేరుచేసే సాధనం కూడా. నూరిన పొడిని నీళ్లలో కలిపి వదిలితే పెద్దవి ముందు మునుగుతాయి, చిన్నవి తేలుతూ ఉండిపోతాయి. నీళ్లు వంపి, మళ్లీ తేర్చి, మళ్లీ వంపి ఒక్కో మెత్తదనాన్ని విడదీస్తారు. ఈ మునిగే వేగానికి 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ ఇచ్చిన సూత్రం ఉంది: రేణువు వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు. పది సెంటీమీటర్ల లోతున్న నీళ్లలో మిల్లీమీటరులో పదో వంతు అజురైట్ రేణువు పది సెకన్లలోపే అడుగు చేరుతుంది. అందులో ఇరవయ్యో వంతు ఉన్నదానికి దాదాపు ముప్పావు గంట పడుతుంది. స్టోక్స్ పుట్టక ముందే ఈ పని చేస్తూ వచ్చిన కార్మికులకు సూత్రం తెలియదు. ఎప్పుడు వంపాలో మాత్రం తెలుసు.

పొడి ఒక్కటే ఉంటే ఊదితే పోతుంది. దాన్ని కాగితానికి పట్టి ఉంచేది ‘నికావా’ అనే జిగురు. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీస్తారు. అమ్మేటప్పుడు తేనె రంగు పుల్లలుగా ఉంటుంది. ముందు రోజు రాత్రి ఆ పుల్లలను విరిచి నీళ్లలో నానబెడితే పొద్దుటికి మెత్తటి ముద్దవుతాయి. తర్వాత వేడి నీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి మెల్లగా కరిగించాలి. మరగనివ్వకూడదు. జిగురంటే మూడు పాయలుగా పెనవేసుకున్న కొలాజెన్ అనే ప్రొటీన్ విడిపోయి మిగిలిన పొడవాటి గొలుసులు. మరిగితే ఆ గొలుసులు ముక్కలై పట్టు పోతుంది. కరిగిన జిగురు చుక్కలను పింగాణీ పళ్లెంలోని పొడి మీద వేసి, చిత్రకారుడు వేలితోనే కలుపుతాడు. ప్రతి రేణువుకూ జిగురు తగిలిందో లేదో చెప్పడానికి వేలికొసను మించిన పరికరం లేదు. తర్వాతే నీళ్లు.

ఇక్కడ జిగురు చాలా తక్కువ వాడతారు. నిహోంగా వెలుగు రహస్యం నా దృష్టిలో రాయి కన్నా ఈ పొదుపులో ఎక్కువ ఉంది. నీరు ఆరిపోయాక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి గానీ వాటి మధ్య సందుల్లో గాలి మిగిలే ఉంటుంది. వెలుగు గాలిలోంచి అజురైట్‌ను తాకినప్పుడు దాదాపు 8 శాతం ఆ తలం మీదే తిరిగి మెరుస్తుంది. అదే రేణువును అవిసె నూనెలో ముంచితే, నూనె వక్రీభవన గుణకం గాలి కన్నా రాయికి చాలా దగ్గర కాబట్టి, తిరిగొచ్చేది 1 శాతం కూడా ఉండదు. మెరుపంతా పోయి రంగు మసకబారుతుంది. యూరప్ చిత్రకారులు అజురైట్‌ను నూనెలో వాడినప్పుడు అది నల్లబడినట్టు కనబడటానికి ఒక ముఖ్య కారణం ఇది.

ఈ చిక్కుతోనే ఇంకో దేశంలో ఇంకో చిత్రకారుడు ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. ఫ్రాన్స్‌కు చెందిన ఈవ్ క్లైన్‌కు రంగు పొడి సీసాలో ఉన్నప్పటి వెల్వెట్ వంటి కాంతి కాన్వాస్ మీద కూడా కావాలి. నూనె, జిగురు ఏది కలిపినా ఆ కాంతి చచ్చిపోయేది. చివరికి పారిస్ రంగుల వర్తకుడు ఎడ్వార్ ఆడమ్ సాయంతో ‘రోడోపాస్ ఎం60ఏ’ అనే కృత్రిమ రెసిన్‌ను ఎంచుకున్నాడు. ద్రావకం ఆవిరైపోయాక అది పొడిని ముంచెయ్యకుండా పట్టుకుంటుంది. 1957లో మిలాన్‌లో అతను పెట్టిన ప్రదర్శనలో 11 చిత్రాలూ కేవలం నీలమే. 1960 మే 19న ఆ మిశ్రమాన్ని ఫ్రాన్స్‌లో నమోదు చేయించాడు. అతని రంగు గనిలోది కాదు, ఫ్యాక్టరీలో తయారైన అల్ట్రామెరైన్. కానీ అతనికి కావాల్సింది నిహోంగా కళాకారులకు శతాబ్దాలుగా అందుబాటులో ఉన్నదే: గాలి సందులు.

ఇప్పుడు ఫుజిమురా పని గదికి వద్దాం. కాగితం బల్ల మీదో నేల మీదో అడ్డంగా పరిచి ఉంటుంది. నిలబెడితే గరుకు రేణువులు నీళ్లతో పాటు కిందికి జారిపోతాయి. పరిచి పోస్తే కాగితంలోని పల్లాల్లో, ముడతల్లో పెద్ద రేణువులు చేరతాయి, గట్ల మీద సన్నవి నిలుస్తాయి. నీరు ఇంకే తీరు, గాలిలో తేమ, రేణువు బరువు కలిసి ఒక ఆకారాన్ని తెస్తాయి. చిత్రకారుడు వాటికి పరిస్థితులు సమకూరుస్తాడు, తర్వాత ఎదురుచూస్తాడు. పొర పూర్తిగా ఆరాక మరో పొర. ఇలా ఆయన చిత్రాల్లో పదుల సంఖ్యలో పొరలు పడతాయి. పైకి వెళ్లేకొద్దీ జిగురు పలచబడాలన్నది పాత నియమం. జిగురు ఆరుతూ బిగుసుకుంటుంది, కింద బలహీనమైన పొర ఉండి పైన బలమైనది బిగిస్తే కింది పొరను పెచ్చుగా లాగేస్తుంది. ఈ పనిలో తొందర నేరుగా పగులుగా కనబడుతుంది. ఫుజిమురా తన కళను నెమ్మది కళ అని పిలుచుకోవడంలో తాత్వికత ఎంతో, జిగురు రసాయనం కూడా అంతే ఉంది.

ఇంత పని జరిగిన నీలం పొర ముందు నిలబడి తల కొంచెం పక్కకు జరిపితే, అంతసేపూ మామూలుగా ఉన్న చోట చిన్న చిన్న రేణువులు ఒక్కొక్కటిగా మెరుస్తాయి. ప్రతి స్ఫటికం ఒక్కో కోణంలో పడి ఉంటుంది గనుక, మన కన్ను జరిగితే వెలుగు తిప్పి పంపే స్ఫటికాలు మారతాయి. పది అడుగుల దూరంలో ఒకే నీలంగా ఉన్నది అరచేయి దూరంలో ఎన్నో నీలాలవుతుంది. కింద లేత పొర, పైన గరుకు పొర ఉన్నచోట రెండూ కలిసి కనబడతాయి. బొమ్మ లేకపోవడం ఇక్కడ లోటుగా తోచదు. ఇంత జరుగుతున్న తలం మీద ఒక పూవో పక్షో ఉంటే చూపు దాని దగ్గరే ఆగిపోతుంది.

2001 సెప్టెంబర్ 11 దాడుల నాటికి ఫుజిమురా కుటుంబం వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు దగ్గర్లోనే ఉండేది. ఆ అనుభవం తర్వాతి చిత్రాల్లో ‘వాటర్ ఫ్లేమ్స్’ వరస ఒకటి, అందులో నీలాల చిత్రకారుడు ఇంగిలీకం ఎరుపుల్లోకి దిగాడు. 2011లో జపాన్ ఈశాన్య తీరాన్ని సునామీ ముంచెత్తాక, మృతుల స్మృతిలో ‘వాకింగ్ ఆన్ వాటర్’ వరస గీశారు. అదే ఏడాది కింగ్ జేమ్స్ బైబిల్‌కు 400 ఏళ్లు నిండిన సందర్భంగా నాలుగు సువార్తల ప్రత్యేక ముద్రణకు ఐదు పెద్ద చిత్రాలు, 89 అధ్యాయాలకూ అలంకరించిన తొలి అక్షరాలు చేసిచ్చారు. పవిత్ర గ్రంథానికి బొమ్మలంటే కథలో మనుషులుంటారు. ఆయన ఇచ్చినవి నైరూప్య చిత్రాలు.

నిహోంగాలో వాడే లోహాల సంగతీ చూడాలి. బంగారు రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు మాత్రమే ఉంటుంది. అంత పలుచన రేకును వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే ఆకుపచ్చగా కనిపిస్తుంది. బంగారం ఎప్పటికీ మారదు. వెండి మాత్రం గాలిలోని గంధక వాయువులతో కలిసి గోధుమ రంగులోకి, తర్వాత నలుపులోకి తిరుగుతుంది. వెండి వాడే చిత్రకారుడు తాను పోయాక కూడా చిత్రం మారుతూ ఉంటుందని ఒప్పుకుని పని చేయాలి.

మంట కూడా ఒక రంగే. నిహోంగా చిత్రకారులు అజురైట్ పొడిని చిన్న పెనం మీద వేయిస్తారు. కార్బన్ డయాక్సైడ్, నీరు వెళ్లిపోతూ నల్లటి రాగి ఆక్సైడ్ ఏర్పడటం మొదలవుతుంది, నీలం ముదురుతూ నలుపు వైపు నడుస్తుంది. ఎక్కడ మంట ఆపితే అక్కడి రంగు దక్కుతుంది. ఇనుప ఖనిజాలకైతే ఈ విద్య ఇంకా పాతది. పసుపు మట్టిలోని గోథైట్‌ను కాలిస్తే అందులోని నీరు పోయి హెమటైట్ అవుతుంది, అంటే జేగురు. జేగురు వాడకం ఎంత పాతదంటే, దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో లక్ష ఏళ్ల నాటి గవ్వ చిప్పల్లో నూరిన జేగురు మిశ్రమం దొరికింది. అదే గుహలో బయటపడ్డ ఒక రాతి ముక్క మీద జేగురు ముక్కతో గీసిన అడ్డదిడ్డపు గీతలున్నాయి, వయసు సుమారు 73,000 ఏళ్లు. అక్కడ మనిషి లేడు, జంతువు లేదు, ఉన్నవి గీతలే. మన భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట మీద, కర్నూలు ప్రాంతపు కేతవరం రాతి ఆవాసాల్లో ఉన్న ఎర్ర బొమ్మలకూ ఇదే జేగురు.

ఆ జేగురును మన కాలంలో పెద్ద కాన్వాస్ మీదికి తెచ్చినవాడు ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారుడు రోవర్ థామస్. పశువుల కాపరిగా బతికిన ఈయన కింబర్లీ ప్రాంతంలోని వార్మున్‌లో, అక్కడి నేలలో దొరికే ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు మట్టి రంగులతోనే గీశాడు. విశాలమైన మట్టి రంగు మైదానాలు, వాటి అంచున తెల్లటి చుక్కల వరస. 1990లో వెనిస్ బినాలేలో ఆస్ట్రేలియాకు ప్రాతినిధ్యం వహించిన తొలి ఇద్దరు ఆదివాసీ చిత్రకారుల్లో ఆయన ఒకరు. ఆయన చనిపోయిన మూడేళ్లకు, 2001లో, వర్షాన్ని చిత్రించిన ఒక కాన్వాస్‌ను ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 7,78,750 ఆస్ట్రేలియా డాలర్లకు కొన్నది. మనకు ఆ చిత్రాలు నైరూప్యం. ఆయనకు అవి తన నేల, అందులోని దారులు, అక్కడ జరిగిన మరణాలు. మట్టిని మట్టితోనే చెప్పిన ఆ చిత్రాలను నైరూప్యం అన్న ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయమే.

ఇక తెలుపు. నిహోంగాలో తెలుపు ‘గొఫున్’. ఆల్చిప్పలను ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలేసి, మెత్తబడ్డాక నూరి తీసే కాల్షియం కార్బొనేట్. సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాలు గీసే నకాషీ కుటుంబాల పాత పద్ధతిలో కూడా తెలుపు సముద్రపు గవ్వల నుంచి వచ్చేది. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి పూసి, ఆరాక మళ్లీ పూసి పటాన్ని సిద్ధం చేస్తారు. ఆ పటాల నేపథ్యంలో మండే ఎరుపు ఇంగిలీకం, రంగును పట్టి ఉంచేది తిరుమణి చెట్టు బంక. చేర్యాలకూ జపాన్‌కూ పరిచయం లేదు. రేణువు, జిగురు, నేపథ్యపు పూత అన్న మూడు సమస్యలు మాత్రం ఇద్దరికీ ఒకటే, అందుకే పరిష్కారాలు కూడా దగ్గర దగ్గరగా కుదిరాయి.

రాతి రంగులన్నీ అమాయకమైనవని అనుకోకూడదు. ఇంగిలీకం పాదరసపు సల్ఫైడ్, పసుపు రంగు హరితాళం ఆర్సెనిక్ సల్ఫైడ్. నూరేటప్పుడు రేగే ధూళి ఊపిరితిత్తులకు చేటు. శాశ్వతమన్న పేరు కూడా అన్నిటికీ చెల్లదు. హరితాళం వెలుగులో పాలిపోతుంది. తేమ, లవణాలు తగిలిన గోడల మీద అజురైట్ పచ్చగా మారుతుంది.

ఈ మార్పులన్నిటినీ చిత్రం నుంచి చిటికెడు పొడి కూడా గీకకుండా చదవగల సాధనం మన దేశంలో పుట్టిన భౌతికశాస్త్రమే. 1928లో సి.వి. రామన్ కనుగొన్న ప్రభావం ఆధారంగా పనిచేసే వర్ణపటమాపకాలు లేజర్ కిరణం పడ్డ చోట ఉన్నది అజురైటో, ఇంగిలీకమో, నిన్నమొన్నటి ఫ్యాక్టరీ రంగో చెప్పేస్తాయి. చేతిలో పట్టుకుపోయే పరికరాలు కూడా వచ్చాయి. చేర్యాలలో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నవి కొనుక్కొచ్చిన రంగులు. రాయి నూరి, బంక కలిపిన చేతుల జ్ఞాపకం ఇంకా కొన్ని ఇళ్లలోనే మిగిలింది. హైదరాబాద్, వరంగల్ కళాశాలల రసాయనశాస్త్ర విభాగాలు ఆ పరికరాలతో పాత పటాల ముందు కూర్చోవాలి. ఏ రంగు ఏ రాయి, ఎంత మెత్తదనం, ఎంత బంక అన్నది నకాషీ కుటుంబాల పెద్దలను అడిగి, పక్కనే రాసిపెట్టాలి. జపాన్‌లో ఆ వివరాలు సీసాల మీద అంకెలతో సహా నిలిచి ఉన్నాయి గనుకే, బోస్టన్‌లో పుట్టిన మనిషి కూడా వాటిని చేతిలోకి తీసుకుని కొత్త చిత్రం గీయగలిగాడు.